పాదంలో నరం లావైతే స్టెరాయిడ్ సూది వేయించవచ్చా?

"మా అత్తమ్మకు పాదంలో నరం లావైందన్నారు సార్. స్టెరాయిడ్ సూది వేయాలంట. స్టెరాయిడ్ అంటే ఒళ్ళు పాడైద్దంట గదా? వేయించమంటారా, వద్దంటారా?"

కుసుమంచి వైపు నుండి వచ్చిన ఒక కోడలు అడిగిన ప్రశ్న ఇది. అత్తగారి వయసు యాభై దాటింది. మిరప కోతలకు, నాట్లకు వెళ్ళే మనిషి. ఎనిమిది నెలలుగా కుడి పాదం ముందు భాగంలో, మూడో వేలికీ నాలుగో వేలికీ నడుమ మంట. నాలుగు అడుగులు వేస్తే గులకరాయి మీద కాలు వేసినట్లు పోటు, ఒక్కోసారి వేలి చివరి వరకు కరెంటు షాకు కొట్టినట్లు జివ్వుమంటుంది. గట్టున కూర్చుని చెప్పు విడిచి వేళ్ళు పిసుక్కుంటే తగ్గుతుంది. లేచి నడిస్తే మళ్ళీ మొదలు. ఈలోగా బలం ఇంజెక్షన్లు అయినాయి, పసరు కట్లు అయినాయి, ఎక్స్‌రే కూడా అయింది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. ఏమీ లేకపోతే ఇంత నొప్పి ఎందుకుంటుందని ఆ కుటుంబం దిగులు పడింది. కొందరు బంధువులు "పనికి పోవడానికి బద్ధకం" అని కూడా అన్నారట. ఆ మాట ఆమెను నొప్పి కంటె ఎక్కువ బాధపెట్టింది.

ఆ కోడలు అడిగిన ప్రశ్న మంచి ప్రశ్న. దానికి ఒక్క ముక్కలో జవాబు లేదు. ముందు ఆ లావైనది ఏ నరమో, ఎందుకు లావైందో తెలియాలి.

ఏ నరం?

మన మాటల్లో ఒక చిక్కు ఉంది. కాలి మీద నీలంగా, మెలికలు తిరిగి ఉబ్బి కనిపించే వాటినీ "నరాలు" అంటాం. అవి నిజానికి చెడు రక్తాన్ని గుండెకు తీసుకుపోయే సిరలు. మంట, చలి, నొప్పి, స్పర్శ వంటి కబుర్లను మెదడుకు మోసుకుపోయే తీగల్నీ "నరాలు" అనే అంటాం. ఈ వ్యాసంలో చెప్పేది రెండో రకం గురించి. పిక్క మీద సిరలు ఉబ్బిన వారికి ఈ సూదితో పని లేదు. "మా నాన్నకూ నరాలు ఉబ్బినాయి, అదే సూది వేయండి" అని అడిగేవారు ఉంటారు కనుక ముందుగానే చెబుతున్నాము.

పాదంలో ఒక్కొక్క వేలి వెనుక ఒక పొడుగాటి ఎముక ఉంటుంది. ఆ ఎముకల నడుమ నుండి సన్నని నరాలు ముందుకు సాగి, ప్రతి నరం రెండుగా చీలి, పక్కపక్కనున్న రెండు వేళ్ళకు స్పర్శనిస్తుంది. ఎముకల తలలను ఒకదానితో ఒకటి కట్టి ఉంచే బిగువైన పట్టీ ఒకటి ఉంది. నరం ఆ పట్టీ కింద నుండి పోవాలి. మునివేళ్ళ మీద బరువు పడినప్పుడల్లా నరం ఆ పట్టీకీ నేలకూ మధ్య నలుగుతుంది. ముందు భాగం ఇరుకుగా ఉండే చెప్పులు, ఎత్తు మడమల చెప్పులు ఈ నలుగుడును ఇంకా పెంచుతాయి. కాడి రాపిడికి ఎద్దు మెడ మీద కాయ కాసినట్లే, ఏళ్ళ తరబడి రాపిడికి నరం చుట్టూ నారలాంటి కణజాలం పేరుకుని అక్కడ లావవుతుంది. దీనిని మార్టన్స్ న్యూరోమా అంటారు. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగర సర్జన్ థామస్ మార్టన్ 1876లో దీనిని వివరించాడు కనుక ఆ పేరు. న్యూరోమా అంటే నరపు గడ్డ అని అర్థం, అయినా ఇది గడ్డ కాదు, క్యాన్సర్ అసలే కాదు. రిపోర్టులో ఆ మాట చూసి రాత్రంతా నిద్ర పోని కుటుంబాలు ఉన్నాయి.

ఎక్కువగా మూడు, నాలుగు వేళ్ళ నడుమ వస్తుంది. తర్వాత రెండు, మూడు వేళ్ళ నడుమ. మగవారిలో కంటె ఆడవారిలో, నడి వయసులో ఎక్కువ. డాక్టరు పాదాన్ని రెండు పక్కల నుండి నొక్కి, అరికాలి వైపు నుండి వేలితో ఒత్తితే కొందరిలో "టక్" మని కదిలినట్లు తెలుస్తుంది, అదే నొప్పి వస్తుంది. ఈ పరీక్షను ముల్డర్ అనే డాక్టరు 1951లో చెప్పాడు. ఎక్స్‌రేలో నరం కనిపించదు, ఎముక విరుగు వంటి ఇతర కారణాలు లేవని చెప్పడానికి మాత్రమే అది పనికివస్తుంది. సందేహం ఉంటే అల్ట్రాసౌండ్ స్కాన్‌లో చూడవచ్చు. స్కాన్‌లో నరం లావుగా కనిపించినా ఏ నొప్పీ లేనివారు చాలామంది ఉంటారు. కనుక వైద్యం చేయవలసింది నొప్పికి, స్కాన్ కాగితానికి కాదు.

నరం లావు అంటే మన ప్రాంతంలో ఇంకొకటి కూడా

ఇతర దేశాల పుస్తకాలు పాదంలో నరం లావు అనగానే పై జబ్బు గురించే చెప్పి ఊరుకుంటాయి. ఖమ్మం, భద్రాచలం అడవి అంచున ఉన్న మనం అలా ఊరుకోకూడదు. నరాలను లావు చేసే మరొక జబ్బు కుష్ఠువ్యాధి. మన దేశంలో ఆ వ్యాధి పదివేల మందికి ఒకరి కంటె తక్కువ స్థాయికి చేరిందని 2005 డిసెంబరు నాటికి ప్రభుత్వం ప్రకటించింది. తగ్గింది అంటే పోయింది అని కాదు. కొత్త రోగులు నేటికీ కనబడుతున్నారు.

కుష్ఠులో లావయ్యే నరాలు సాధారణంగా వేళ్ళ మధ్య ఉండేవి కావు. లోపలి చీలమండ వెనుక ఉన్న నరం, మోకాలి కింద బయటి వైపున ఉన్న నరం, మోచేతి వెనుక నరం, ఇలాంటివి తాడులాగా గట్టిపడి చేతికి తగులుతాయి. ఇంట్లోవారు ముఖ్యంగా గమనించవలసిన తేడా స్పర్శలో ఉంది. మార్టన్స్ న్యూరోమాలో నొప్పి ఎక్కువ, తిమ్మిరి ఉంటే రెండు వేళ్ళ నడుమ కొద్దిగా ఉంటుంది. కుష్ఠులో అరికాలంతా మొద్దుబారవచ్చు. నడుస్తుంటే కాలి నుండి చెప్పు జారిపోయినా తెలియదు. ముల్లు దిగినా, నిప్పు తగిలినా తెలియదు. పాదం పైకి లేపలేక ఈడుస్తూ నడుస్తారు. ఒంటి మీద ఎక్కడైనా స్పర్శ లేని పాలిపోయిన మచ్చ లేక ఎర్రని మచ్చ ఉండవచ్చు. మచ్చ వీపు మీదో, పిరుదు మీదో ఉంటే రోగికి కనబడదు, కుటుంబంవారే చూడాలి. సిగ్గుపడకండి, అడిగి చూడండి.

కుష్ఠులో నరం వాచి నొప్పి పుడితే, లేక కొత్తగా స్పర్శ గాని బలం గాని తగ్గితే, అక్కడ కూడా స్టెరాయిడే మందు. అయితే సూదిగా పాదంలో వేసేది కాదు. ప్రెడ్నిసోలోన్ మాత్రలు, మొదట పెద్ద మోతాదుతో, తర్వాత వారాల తరబడి మెల్లమెల్లగా తగ్గిస్తూ, సుమారు మూడు నుండి ఐదు నెలలు. నరం చచ్చుబడి ఆరు నెలలు దాటకముందే మొదలుపెడితే కోలుకునే అవకాశం ఎక్కువ. ఇక్కడ ఆలస్యం అంటే ఒక పాదం. మొదలుపెట్టే ముందు షుగరు, బి.పి., క్షయ, పొట్టలో పురుగులు చూసుకోవాలి. మధ్యలో నొప్పి తగ్గిందని ఒక్కసారిగా మానేయకూడదు. కుష్ఠుకు వేసే ఎం.డి.టి. మాత్రలను కూడా ఈ వాపు వచ్చిందని ఆపకూడదు. ఎం.డి.టి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఉచితం. వ్యాధి రకాన్ని బట్టి 6 నెలలు లేక 12 నెలలు వాడాలి.

ఒక్క మాట పాతకాలం గురించి. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ ఇరవయ్యవ శతాబ్దం తొలి దశాబ్దాలలో కుష్ఠురోగులకు ఆసుపత్రి నడిపినప్పుడు వారి చేతిలో ఉన్న ప్రధానమైన మందు చాల్‌మూగ్రా నూనె ఒక్కటే. 1946లో వేలూరుకు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్, కుష్ఠురోగుల అరికాలి పుండ్లు వ్యాధి "తినేయడం" వల్ల కాక, నొప్పి తెలియని పాదం మీద పదే పదే పడే ఒత్తిడి వల్ల వస్తున్నాయని చూపించాడు. మెత్తని మైక్రోసెల్యులార్ రబ్బరు చెప్పులు, అంటే ఎం.సి.ఆర్. చెప్పులు, ఆ ఆలోచన నుండి వచ్చినవే. నొప్పి తెలియడం మేలు అని ఒక మొద్దుబారిన పాదాన్ని శుభ్రం చేసినవారికి బాగా అర్థమవుతుంది.

షుగరు వ్యాధితో వచ్చే నరాల మంట మూడోది. అది సాధారణంగా రెండు పాదాలకూ, మేజోళ్ళు తొడిగినట్లు, రాత్రి పడుకున్నాక ఎక్కువగా ఉంటుంది. దానికి ఈ సూది పనిచేయదు, పైగా షుగరు పెంచుతుంది. బలం ఇంజెక్షన్ల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. బి12 తక్కువైనవారికి అవి మందే. నలిగిన నరానికి మాత్రం వాటితో ఉపయోగం లేదు.

సూది కంటె ముందు చెప్పు

మార్టన్స్ న్యూరోమా అని తేలాక కూడా మొదటి వైద్యం సూది కాదు. వేళ్ళు విచ్చుకునేంత వెడల్పు ముందు భాగం, తక్కువ మడమ, మెత్తని అట్ట ఉన్న చెప్పు కావాలి. బొటనవేలి పట్టీతో ఉండే అరిగిపోయిన హవాయి చెప్పులు మన ఇళ్ళలో అందరికీ ఉంటాయి. వాటి అట్ట అరిగి పలచబడ్డాక రాళ్ళ దారిలో నడిస్తే నేలంతా పాదానికి తగులుతుంది. దీనికి తోడు చెప్పులో చిన్న మెత్తను అంటించాలి. ఈ మెత్త పెట్టడంలోనే చాలామంది పొరబడతారు. నొప్పి ఉన్న చోట సరిగ్గా దాని కిందనే పెడతారు, అప్పుడు నొప్పి పెరుగుతుంది, "మెత్త పనిచేయలేదు" అని పారేస్తారు. మెత్త నొప్పి ఉన్న చోటికి కొంచెం వెనుక, మడమ వైపుగా ఉండాలి. అప్పుడది ఎముకలను పైకెత్తి ఎడం చేస్తుంది, నరానికి చోటు దొరుకుతుంది.

పనిలో కూడా చిన్న మార్పులు చేసుకోవచ్చు. మునివేళ్ళ మీద గొంతుకూర్చుని గంటల తరబడి ఏరే బదులు చిన్న పీట వేసుకోవడం, మధ్యలో లేచి నడవడం. కూలి పని చేసేవారికి ఇది చెప్పడం తేలిక, చేయడం కష్టమని మాకు తెలుసు. కనీసం ఇంట్లో వంట, అంట్లు, బట్టల దగ్గరైనా కుటుంబం సాయపడితే ఆ పాదానికి రోజులో కొన్ని గంటలు విశ్రాంతి దొరుకుతుంది. ఆరు వారాల నుండి మూడు నెలల వరకు ఇలా చేసి చూసి, తగ్గకపోతే సూది మాట ఆలోచించాలి.

సూదిలో ఏముంది?

స్టెరాయిడ్ అనే మాటకు మన ఊళ్ళలో రెండు విధాలైన కీర్తి ఉంది. ఒకరు విషం అంటారు, ఇంకొకరు "మొన్న వేసిన ఆ పెద్ద సూదే వేయండి" అంటారు. ఇద్దరిదీ పొరపాటే. మన మూత్రపిండాల పైనున్న చిన్న గ్రంథులు కార్టిజాల్ అనే స్టెరాయిడ్‌ను రోజూ తయారుచేస్తాయి. అది లేకుండా మనిషి బ్రతకలేడు. ఆ కోవకు చెందిన కార్టిసోన్‌ను మందుగా 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో కీళ్ళవాతం రోగికి మొదటిసారి ఇచ్చారు. దానిపై పనిచేసిన హెంచ్, కెండల్, రైష్‌స్టయిన్‌లకు 1950లో నోబెల్ బహుమతి వచ్చింది. వాపును, మంటను అణచడంలో దానికి సాటి మందు తక్కువ. నెలల తరబడి మాత్రలుగా, డాక్టరు లెక్క లేకుండా వాడితే ముఖం ఉబ్బడం, ఎముకలు గుల్లబారడం, షుగరు, క్షయ తిరగబెట్టడం వంటివి వస్తాయి. అందుకే పేరు చెప్పని పొడి, పేరు రాయని మాత్ర తీసుకోవద్దని పదే పదే చెబుతాము. ఒక చోట వేసే ఒక్క సూది సంగతి వేరు. మోతాదు చిన్నది, ఎక్కువ భాగం అక్కడే పనిచేస్తుంది.

సాధారణంగా మిథైల్‌ప్రెడ్నిసోలోన్ 40 మిల్లీగ్రాముల వరకు, తిమ్మిరి మందు లిగ్నోకెయిన్‌తో కలిపి, పాదం పైభాగం నుండి రెండు ఎముకల నడుమకు వేస్తారు. అరికాలి నుండి వేయరు, ఆ చర్మం మందం, నొప్పి ఎక్కువ. కొన్ని చోట్ల అల్ట్రాసౌండ్‌లో చూస్తూ వేస్తారు. పని ఐదు పది నిమిషాలలో అయిపోతుంది.

ఎంతవరకు మేలు? దాచకుండా చెప్పాలంటే, కొందరికి బాగా, కొందరికి కొంత, కొందరికి ఏమీ లేదు. స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో 131 మంది రోగులతో చేసిన పరిశోధన 2013లో వెలువడింది. సగం మందికి స్టెరాయిడ్, తిమ్మిరి మందు కలిపి వేశారు, సగం మందికి తిమ్మిరి మందు మాత్రమే. ఎవరికి ఏది వేశారో రోగులకు చెప్పలేదు. మూడు నెలల తర్వాత స్టెరాయిడ్ పడినవారి పాదాలు మెరుగ్గా ఉన్నాయి. 2017లో స్పెయిన్ డాక్టర్లు 41 మందితో చేసిన చిన్న పరిశోధనలో మాత్రం రెండు వర్గాల మధ్య చెప్పుకోదగిన తేడా కనబడలేదు. కనుక సూది వేస్తే నయమైపోతుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మవద్దు. కొన్ని నెలలు నొప్పి తగ్గించి, చెప్పు మార్పుకు సమయమిచ్చే సాధనంగా చూడండి. నరం మరీ లావు కాకముందు వేసినదే బాగా పనిచేస్తుంది.

సూది వేసిన తర్వాత ఇంట్లో

మొదటి కొన్ని గంటలు వేళ్ళు మొద్దుబారి, నొప్పి పూర్తిగా పోయినట్లు ఉంటుంది. అది తిమ్మిరి మందు చలవ. ఆ సాయంత్రమే పొలం పనికి పంపకండి. మందు దిగాక నొప్పి తిరిగి వస్తుంది, కొందరిలో ఒకటి రెండు రోజులు మామూలు కంటె ఎక్కువే ఉంటుంది. సూది వికటించిందని కంగారు పడనక్కరలేదు. గుడ్డలో చుట్టిన ఐసు ముక్కతో పది నిమిషాలు కాపవచ్చు, డాక్టరు చెబితే పారాసిటమాల్ వేయవచ్చు. స్టెరాయిడ్ అసలు పని కొన్ని రోజుల తర్వాత, ఒక్కోసారి రెండు వారాలకు తెలుస్తుంది. అయితే రోజులు గడిచేకొద్దీ ఎరుపు, వేడి, వాపు పెరుగుతూ జ్వరం, చీము వంటివి కనబడితే అది వేరు. ఆ రోజే తీసుకురండి.

షుగరు ఉన్నవారికి రక్తంలో చక్కెర కొన్ని రోజులు, వారం దాకా కూడా, పెరగవచ్చు. మాత్రలు, ఇన్సులిన్ మానకుండా వాడుతూ మధ్యమధ్య పరీక్ష చేయించాలి. షుగరు మరీ ఎక్కువగా ఉంటే ముందు దానిని అదుపులోకి తెచ్చి తర్వాతే సూది వేస్తాము. కాలిమీద పుండు, చీము, వేళ్ళ సందుల్లో ఒరుపులు ఉంటే అవి మానేదాకా ఆగాలి. రక్తం పలచబడే మందులు వాడుతున్నా, గర్భిణి అయినా ముందే చెప్పాలి.

సూది వేసిన చోట చర్మం కొన్ని వారాల తర్వాత తెల్లగా పాలిపోవచ్చు, కొద్దిగా గుంట పడవచ్చు. నల్లని చర్మం మీద ఇది బాగా కనిపిస్తుంది. ఊళ్ళో ఎవరో చూసి "కుష్ఠు మచ్చ" అంటారు, ఇల్లంతా గగ్గోలు. కళ్ళు మూయించి దూదితో తాకి చూడండి. సూది వల్ల వచ్చిన మచ్చ మీద సాధారణంగా స్పర్శ ఉంటుంది. నెలలు గడిచేకొద్దీ చాలావరకు రంగు తిరిగి వస్తుంది. సందేహం ఉంటే ఆరోగ్య కేంద్రంలో చూపించండి, ఇరుగుపొరుగు తీర్పు వద్దు.

ఎన్నిసార్లు?

ఇక్కడే మేము గట్టిగా ఉంటాము. మేలు కనబడితే, కొన్ని వారాల ఎడంతో మరొకటి వేయవచ్చు. రెండు మూడు దాటి వేస్తూ పోవడం మంచిది కాదు. అరికాలిలో ఎముకల కింద దేవుడిచ్చిన కొవ్వు మెత్త ఉంది, పదే పదే స్టెరాయిడ్ పడితే అది పలచబడుతుంది. వేళ్ళ కీళ్ళను పట్టి ఉంచే కట్లు బలహీనపడి వేలు పక్కకు ఒరిగిపోవచ్చు. మొదటి సూది ఏమాత్రం పనిచేయకపోతే జబ్బు అదేనా అని తిరిగి ఆలోచించాలి గాని, ఇంకో చోట ఇంకో సూది వేయించుకోవడం దారి కాదు. ఎప్పుడు, ఎక్కడ, ఏ మందు వేశారో చీటీ మీద రాయించుకుని దాచండి. ఆ చీటీ లేకనే మేము చాలాసార్లు చీకట్లో వైద్యం చేయవలసి వస్తుంది.

అన్నీ అయినా బాధ తగ్గకపోతే ఆపరేషన్ ఉంది. బిగిసిన పట్టీని కోసి నరానికి చోటివ్వడం, లేక లావైన ముక్కను తీసేయడం. నరం తీసేస్తే ఆ రెండు వేళ్ళ నడుమ శాశ్వతంగా తిమ్మిరి ఉంటుంది. చాలామందికి హాయి కలుగుతుంది, కొద్దిమందికి కోసిన చివర మళ్ళీ నొప్పి గడ్డ కడుతుంది. కాగితం మీద సంతకం చేసేముందు ఈ రెండు మాటలూ అడిగి తెలుసుకోండి.

ఆ అత్తగారి సంగతికి వస్తే, ఆమె ఒంటి మీద మచ్చలు లేవు, చీలమండ నరం మామూలుగా ఉంది, అరికాలిలో స్పర్శ బాగుంది. అయితే ఆమెకు తెలియకుండానే షుగరు ఉంది. సూది ఆ రోజు వేయలేదు. షుగరుకు మాత్రలు మొదలయ్యాయి, వెడల్పు చెప్పు, లోపల మెత్త. రెండు నెలలకు నొప్పి సగం తగ్గింది, తర్వాత ఒక సూది వేశారు. మూడో రోజు వరకు నొప్పి పెరిగిందని కోడలు భయపడింది, పదో రోజుకు ఆమె పాలేరు సంతకు నడిచి వెళ్ళి వచ్చింది. నాలుగు నెలలకు కొద్దిగా తిరిగి మొదలైంది. చూస్తే పాత హవాయి చెప్పులే కాలికి ఉన్నాయి, కొత్తవి "పండగకు" అని పెట్టెలో దాచిపెట్టిందట. రెండో సూది అడిగింది. ముందు పెట్టెలో చెప్పులు తీసి నెల రోజులు వేసుకుని రమ్మన్నాము.

మీరు ఆసుపత్రికి వచ్చేటప్పుడు కూడా రోగి రోజూ పనికి వేసుకుపోయే చెప్పులనే తొడిగించి తీసుకురండి. కొత్తవి కాదు, పాతవే. వాటి అట్ట ఎక్కడ అరిగిందో చూస్తే సగం పరీక్ష అయిపోతుంది.